కాంగో రాగి గనిలో ఉద్యోగమంటున్నారు, అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది మణుగూరు. నేను సింగరేణిలో ఓవర్‌మెన్‌ని (గనిలో పని పర్యవేక్షిస్తాను), ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. మా అబ్బాయి మైనింగ్‌లో బీటెక్ చేసి, ఏడాదిగా ఓపెన్‌కాస్ట్‌లో ఓబీ (బొగ్గు పైనున్న మట్టి, రాళ్లు) తీసే కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తున్నాడు. జీతం 24 వేలు. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు కాంగో దేశంలో కొల్వెజి దగ్గర రాగి గనిలో ఉద్యోగమని ఆఫర్ లెటర్ ఇచ్చాడు. నెలకు 1,800 డాలర్లట. వీసా ఖర్చులకు రెండున్నర లక్షలు కట్టమంటున్నాడు. అక్కడ యుద్ధం జరుగుతోందని వాళ్లమ్మ భయపడుతోంది. చైనా వాళ్లు, కెనడా వాళ్లు వేల కోట్లు పెట్టిన గని అంటే ఉద్యోగానికి ఢోకా ఉండదు కదా? ఏం చేయమంటారు?

జవాబు: అన్నగారూ, ముందు డబ్బు సంగతి. ఆ రెండున్నర లక్షలు కట్టకండి. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు ఎనిమిది రెట్లు అడుగుతున్నాడంటే అక్కడే ఆగిపోవాలి. అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. నంబరు చెప్పడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

మీరు పంపిన ఆఫర్ లెటర్ ఫోటోను పెద్దది చేసి రెండుసార్లు చదివాను. పైన పెద్ద గని లోగో ఉంది. కింద సంతకం దగ్గర స్టాంపు మాత్రం మనుషుల్ని సరఫరా చేసే ఏదో సంస్థది, ఈ-మెయిల్ జీమెయిల్‌ది. పనిచేసే చోటు ‘కొల్వెజి పరిసరాలు’ అన్నారు, ఏ గనో రాయలేదు. హోదా మైనింగ్ సూపర్‌వైజర్. చేయాల్సిన పనులు చూస్తే డంపర్ల ట్రిప్పులు రాయడం, డీజిల్ ఇష్యూ చేయడం. బాబు ఇప్పుడు మణుగూరులో చేస్తున్నదీ అదే కదా. జీతం ఏ ఖాతాలో వేస్తారు, ఎన్ని నెలలకు సెలవు, తిరుగు టికెట్ ఎవరిది అన్న వాటి గురించి ఒక్క ముక్క లేదు. ఈ కాగితాన్ని నమ్మి పిల్లాణ్ని విమానం ఎక్కించలేం.

ఇక మీ అసలు ప్రశ్న, పెద్ద పెట్టుబడి ఉంటే ఉద్యోగం గట్టిగా ఉంటుందా అన్నది. మీరు ముప్పై ఏళ్లు సింగరేణిలో చేశారు కాబట్టి అలా అనిపించడం సహజం. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. బొగ్గు ధర పడినా, ప్రభుత్వం మారినా మీ మస్టర్ (హాజరు) ఆగలేదు. కాంగోలో లెక్క వేరు.

కొల్వెజి దగ్గరి కమోవా-కకూలా గనినే తీసుకోండి. కెనడాకు చెందిన ఐవన్‌హో మైన్స్, చైనాకు చెందిన జిజిన్ మైనింగ్‌లకు చెరో 39.6 శాతం, కాంగో ప్రభుత్వానికి 20 శాతం వాటా. 2021 మేలో ఉత్పత్తి మొదలైంది, 2024లో 4 లక్షల 37 వేల టన్నుల రాగి తీశారు. ఇంత డబ్బు అంత దూరం ఎందుకు వెళ్లిందో ఖనిజం చూస్తే తెలుస్తుంది. ప్రపంచంలోని చాలా పెద్ద రాగి గనుల్లో వంద టన్నుల రాయి పగలగొడితే ఒక టన్ను రాగి కూడా రాదు. కకూలాలో మొదటి ఏళ్లలో ఐదు టన్నుల దాకా వచ్చింది. కరెంటు తీగలకీ, ఎలక్ట్రిక్ కార్లకీ రాగి కావాలి కాబట్టి కంపెనీలు పోటీ పడుతున్నాయి. 2016లో చైనా కంపెనీ సీఎంఓసీ అక్కడి టెంకె ఫుంగురుమె గనిలో మెజారిటీ వాటాను అమెరికా కంపెనీ ఫ్రీపోర్ట్ నుంచి 265 కోట్ల డాలర్లకు కొన్నది.

అంత డబ్బు ఉన్న చోటే పని ఎలా ఆగిందో కూడా వినండి. అదే టెంకె ఫుంగురుమెలో కాంగో ప్రభుత్వ సంస్థ జెకమీన్‌కూ సీఎంఓసీకీ నిల్వల లెక్కల మీద తగాదా వచ్చి 2022 జూలై నుంచి 2023 ఏప్రిల్ దాకా ఎగుమతులే ఆగాయి. దగ్గర్లోని ముటాండా గనిని కోబాల్ట్ ధర పడిపోయిందని గ్లెన్‌కోర్ కంపెనీ 2019 చివర్లో మూసి రెండేళ్ల దాకా తెరవలేదు. సరిహద్దు అవతల జాంబియాలో మన వేదాంత వాళ్ల కొంకోలా గనులను 2019లో అక్కడి ప్రభుత్వం లిక్విడేటర్ (కంపెనీని మూసి ఆస్తులు అమ్మే అధికారి) చేతికిచ్చింది. కోర్టులన్నీ తిరిగి అవి మళ్లీ వేదాంత చేతికి వచ్చేసరికి 2024 అయింది. కమోవా-కకూలాలో గొడవ ప్రభుత్వంతో రాలేదు, రాయితో వచ్చింది. 2025 మేలో కకూలా భూగర్భ గనిలో ప్రకంపనలొచ్చాయి, నీరు చేరింది, నెలల తరబడి పంపులు పెట్టి తోడారు. కప్పును మోయడానికి వదిలిన రాతి పిల్లర్ల మీద బరువు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

ఇలాంటప్పుడు కంపెనీ తన సొంత ఉద్యోగుల్ని వీలైనంత వరకు కాపాడుకుంటుంది. ముందు ఇంటికి పంపేది కాంట్రాక్టర్ మనుషుల్ని, అందులోనూ కాంట్రాక్టర్‌కి మనుషుల్ని సప్లై చేసిన సంస్థ మనుషుల్ని. బాబుకి ఇచ్చిన కాగితం ఆ మూడో మెట్టుది. అందుకే గనిలో ఎవరు ఎంత పెట్టారన్నది పక్కన పెట్టి, బాబు జీతం స్లిప్పు మీద ఎవరి పేరుంటుందో అడగండి.

ఇంకో విషయం ఏజెంట్లు చెప్పరు. కాంగో చట్టాలు స్థానికులకు పెద్ద పీట వేస్తాయి. కంపెనీలో విదేశీయులు ఎంతమంది ఉండొచ్చన్నదానికి పరిమితి ఉంది. సబ్‌కాంట్రాక్టులు కాంగో వాళ్లకు మెజారిటీ వాటా ఉన్న సంస్థలకే ఇవ్వాలని 2017లో చట్టం తెచ్చారు. అది న్యాయమే. మన ఊళ్లో ఓపెన్‌కాస్ట్ పడితే భూములు పోయినవాళ్లు ముందు మా పిల్లలకు ఉద్యోగాలివ్వండి అని అడగరా? కొల్వెజిలోనూ ఇళ్లూ చేలూ పోగొట్టుకున్నవాళ్లున్నారు. కసూలో అనే పేటలో జనం తమ ఇళ్ల కిందే గొయ్యిలు తవ్వుకుని ఖనిజం ఏరుకునేవారు. ట్రిప్పులు రాసే పనికి మణుగూరు నుంచి ఒక కుర్రాణ్ని తీసుకెళ్లాల్సిన అవసరం అక్కడ ఏ గనికీ లేదు. తీసుకెళ్తున్నామని ఎవరైనా అంటే, వర్క్ వీసా లేకుండా విజిట్ వీసా మీద పంపే ఉద్దేశమేమో అని నా అనుమానం. అలా వెళ్లినవాడి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. అక్కడ పనిచేసిన మన పిల్లల నోటి నుంచే ఇది విన్నాను.

అలాగని ఆ దేశమే వద్దని నేను అనను. నా దగ్గర సలహా తీసుకున్న ఒకతను రాజస్థాన్‌లో భూగర్భ జింక్ గనిలో ఐదేళ్లు చేసి, నేరుగా గని కంపెనీకి దరఖాస్తు పెట్టుకుని అక్కడికి వెళ్లాడు. మొదటి వారంలో జరిగింది చెప్పాడు. రూఫ్ బోల్టు (కప్పు కూలకుండా కొట్టే ఇనుప కడ్డీ) కొట్టని కప్పు కింద ఒక కార్మికుడు నిలబడి ఉన్నాడట. పైన రాయి టిక్ టిక్ మంటోంది. జరుగు అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పగలడు గానీ ఫ్రెంచ్‌లో గానీ స్వాహిలీలో గానీ ఒక్క మాట రాదు. పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని లాగేశాడు. రెండు నిమిషాలకు పలక ఊడిపడింది. ఆ రాత్రే క్యాంపు గదిలో కూర్చుని ఫ్రెంచ్ మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు షిఫ్ట్ మొదట్లో సేఫ్టీ మాటలు తనే ఫ్రెంచ్‌లో చెబుతాడు. అక్కడ మనవాడికి విలువ వచ్చేది ఇలా.

బాబుకి నేను చెప్పేది ఇది. ఇప్పుడున్నది ఓపెన్‌కాస్ట్, అందులోనూ బొగ్గు. రాగికి వెళ్లాలంటే ముందు లోహ గనిలో, వీలైతే భూగర్భంలో మూడు నాలుగేళ్లు చేయాలి. మధ్యప్రదేశ్‌లో మలంజ్‌ఖండ్, రాజస్థాన్‌లో ఖేత్రి, జార్ఖండ్‌లో ఘట్‌శిలా వైపు హిందుస్తాన్ కాపర్ గనులున్నాయి. రాజస్థాన్‌లో జింక్ గనులున్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. బొగ్గుకు, లోహ గనులకు డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) సర్టిఫికెట్లు వేరువేరని మీకు తెలుసు. బాబు లోహ గనుల సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ మీద కన్నేయాలి, తర్వాత ఫస్ట్ క్లాస్. జీతం మొదట్లో 24 వేలకన్నా మరీ ఎక్కువ రాకపోవచ్చు. అయినా వెళ్లమనే చెబుతాను. కమోవాలో ఖనిజపు పొర పరుపులా పరుచుకుని ఉంటుంది, పిల్లర్లు వదిలి గదుల్లా తీస్తారు. బొగ్గును కూడా ఇలాగే తీసే బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి చూసిన ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఆ పని కొత్తగా అనిపించదు. రాక్ మెకానిక్స్ (రాతి బలం, ఒత్తిడి లెక్కలు), వెంటిలేషన్, ఈ రెండింటిలో ఒకటి గట్టిగా పట్టుకోమనండి. 2025లో జరిగిన దాని తర్వాత పిల్లర్ల మీద ఒత్తిడి లెక్కగట్టగలిగినవాళ్లను ఏ గనీ తేలిగ్గా వదులుకోదు. గని డిజైన్‌కు వాడే సర్‌ప్యాక్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి, దాంతోపాటు ఫ్రెంచ్. హైదరాబాద్ అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో నేర్పుతారు. రోజుకో గంట పెట్టుకున్నా ఏడాదిలో పనికొచ్చేంత మాట్లాడతాడు.

ఇంట్లో అమ్మగారి టెన్షన్ గురించి. 2025 మొదట్లో తిరుగుబాటుదారుల చేతికి పోయిన గోమా, బుకావు ఊళ్లు దేశానికి తూర్పు అంచున ఉన్నాయి. కొల్వెజి దక్షిణాన ఉంది. గోమా నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఈ సంగతి ఆమెకి మ్యాప్ పెట్టి చూపించండి. అక్కడ రోజూ ఉండే ప్రమాదాలు మలేరియా, రోడ్లు. మన రాయబార కార్యాలయం కిన్షాసాలో ఉంది, అదీ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఏదైనా అయితే రేపు పొద్దున్నకి ఎవరో వచ్చి చూస్తారనుకోవడానికి లేదు. అందుకే మెడికల్ ఇన్సూరెన్స్, అత్యవసరమైతే విమానంలో తరలించే ఖర్చు కంపెనీదేనని కాంట్రాక్టులో రాసి ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు పారేసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు.

ఈ వారం చేయాల్సింది ఒకటుంది. ఆఫర్ లెటర్ మీద లోగో ఉన్న గని కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉద్యోగాల విభాగం ఈ-మెయిల్ ఉంటుంది. బాబుతో ఆ చిరునామాకి లెటర్ ఫోటో పంపించి, ఇది మీరిచ్చిందేనా అని నాలుగు లైన్లు రాయించండి. ఏజెంటు ‘సీటు పోతుంది, రేపే కట్టాలి’ అని ఫోన్లు చేస్తాడు. చేయనివ్వండి. కంపెనీ నుంచి వచ్చిన జవాబు నాకు పంపితే, దాన్ని చూసి మిగతాది మాట్లాడుకుందాం.