'ఐ లవ్ లూసీ' ముగిసిన ఏడాది ఎందుకు తేడాగా ఉంది? (సమాధానం)

అమెరికన్ నటి లూసిల్ బాల్ మీద మీరు రాస్తున్న వ్యాసంలో ఆమె టీవీ హాస్య ధారావాహిక 'ఐ లవ్ లూసీ' ముగింపు ఒకచోట 1957గా, మరొకచోట 1960గా కనిపించడానికి కారణం, రెండు కార్యక్రమాలను ఒకటిగా లెక్కించడమే.

1. అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో 1951 అక్టోబరు నుంచి 1957 మే వరకు ప్రసారమైన అరగంట భాగాలను మాత్రమే ఆ పేరు కింద ఉంచండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. అవే పాత్రలతో 1957 నవంబరు నుంచి 1960 ఏప్రిల్ వరకు అప్పుడప్పుడు వచ్చిన, గంట నిడివి గల 13 భాగాలను విడిగా చూపాలి. పునఃప్రసారాల్లో వీటికి 'ది లూసీ–దేసీ కామెడీ అవర్' అనే పేరు స్థిరపడింది. చివరి భాగం చిత్రీకరణ పూర్తయిన వెంటనే బాల్ తన భర్త దేసీ ఆర్నాజ్ నుంచి విడాకులు కోరారు కాబట్టి, ఆ తేదీకి ఆమె జీవితకథలోనూ చోటివ్వండి.

3. తర్వాత 'ది లూసీ షో' (1962–68), 'హియర్స్ లూసీ' (1968–74) చేర్చండి. 1962లోనే బాల్, ఆర్నాజ్‌కు చెందిన వాటాను కొని, ఇద్దరూ కలిసి స్థాపించిన దేసిలూ స్టూడియోకు అధ్యక్షురాలయ్యారు. దీన్ని తప్పక రాయండి.