రాజీనామా చేయించి ‘తనే మానేశాడు’ అని కంపెనీ రాసింది, అన్‌ఎంప్లాయ్‌మెంట్ (నిరుద్యోగ భృతి) రాలేదు. అప్పీల్ చేస్తే లాభం ఉంటుందా?

చేయండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు: ‘రాజీనామా ఇస్తావా, తీసెయ్యమంటావా’ అని మేనేజర్ అడిగితే మీరు మెయిల్ పెట్టేశారు. కంపెనీ మీరే మానేశారని చెప్పింది, కాలిఫోర్నియాలో మీ క్లెయిమ్ కొట్టేశారు. అచ్చం నాకూ ఇలాగే జరిగింది. అప్పీల్‌లో గెలిచాను. డబ్బు మాత్రం క్రెడిట్ కార్డులు నిండిపోయాక వచ్చింది.

ముందు గడువు చూసుకోండి. 30 రోజులు లెక్కపెట్టాల్సింది ఉత్తరం మీ చేతికందిన రోజు నుంచి కాదు, నోటీసు మీద వేసిన మెయిలింగ్ తేదీ నుంచి. అప్పీల్ ఫారం, డీఈ 1000ఎం, నింపేటప్పుడు కథంతా రాయక్కర్లేదు. ‘నా అంతట నేను మానలేదు, రాజీనామా చేయకపోతే తీసేస్తామన్నారు, అందుకే ఈ నిర్ణయాన్ని ఒప్పుకోవడం లేదు’ అని రాస్తే సరిపోతుంది. అప్పీల్ మొదట ఈడీడీకే, అంటే ఈ భృతి చూసే రాష్ట్ర శాఖకే, వెళ్తుంది. వాళ్లు నిర్ణయం మార్చకపోతే ఫైలు అప్పీల్స్ బోర్డుకు పోతుంది. అక్కడ వినే జడ్జికి ఈడీడీతో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. క్లెయిమ్ కొట్టేశారు కదా అని రెండు వారాలకోసారి చేసే సర్టిఫికేషన్ (ఆ వారాల్లో పని లేదని, వెతుకుతున్నానని ఈడీడీకి చెప్పడం) ఆపకండి. అప్పీల్ గెలిస్తే డబ్బిచ్చేది మీరు సర్టిఫై చేసిన, మిగతా అర్హతలు కూడా ఉన్న వారాలకే. నాకు తెలిసినతను ఒకరు ‘గెలిచాక చూద్దాంలే’ అని వదిలేశారు. తర్వాత ఆ వారాల కోసం మళ్లీ వేరే తిప్పలు పడ్డారు. ఉద్యోగాలకు ఎక్కడెక్కడ అప్లై చేశారో కూడా రాసిపెట్టుకోండి.

హియరింగ్ నాకు ఫోన్‌లోనే జరిగింది. ప్రమాణం చేయిస్తారు, అంతా రికార్డ్ చేస్తారు. ఎన్నేళ్లు చాకిరీ చేశానో, ఎంత అన్యాయం జరిగిందో చెప్పుకోవాలని నాకు నోటి దాకా వచ్చింది. జడ్జికి కావలసింది అది కాదు. ఆ రోజు రాజీనామా ఇవ్వకపోతే మర్నాడు ఉద్యోగం ఉండేదా, లేదా? ఉండేది కాదని తేలితే అది మానేయడం కాదు, తీసేయడమే. అప్పుడు మీ వైపు పనిలో తప్పు ప్రవర్తన ఉందని చూపించాల్సింది కంపెనీ. మా కంపెనీ తరఫున వచ్చిన హెచ్‌ఆర్ ఆవిడ ఆ మీటింగ్‌లోనే లేదు. నా దగ్గర మీటింగ్ ఇన్వైట్, మేనేజర్ పంపిన మెసేజ్ ఉన్నాయి. కళ్లారా చూసినవాళ్ల మాటకీ, విని చెప్పేవాళ్ల మాటకీ ఎంత తేడా ఉంటుందో ఆ రోజు చూశాను. మీ దగ్గరున్నవి ముందే పంపండి, హియరింగ్‌కి ముందు ఫైలు అడిగి చూసుకోండి, కంపెనీ ఏం రాసిందో తెలుస్తుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందే అడగండి, ఉచితం. ఇంగ్లిష్ బాగా వచ్చినా టెన్షన్‌లో మాట తడబడుతుంది, మొహమాటపడాల్సిన పని లేదు.

ఎన్నాళ్లు పడుతుందంటే, మొదటి అప్పీళ్లలో 60 శాతం 30 రోజుల్లో, 80 శాతం 45 రోజుల్లో తేల్చాలని ఫెడరల్ నియమం ఉంది. లేఆఫ్‌లు ఎక్కువగా ఉన్నప్పుడు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. తీర్పు మీ వైపు వచ్చినా డబ్బు ఆ రోజే పడదు. ఆగిన వారాలన్నీ లెక్కవేసి ఇస్తారు, మొదటి వారం మాత్రం వెయిటింగ్ పీరియడ్, దానికి రాదు. వారానికి గరిష్ఠం 450 డాలర్లు, కాబట్టి బే ఏరియా అద్దెకు ఇది సరిపోతుందనుకోకండి. కంపెనీ ఆ తీర్పు మీద పై బోర్డుకు అప్పీల్‌కి వెళ్లినా అంతమాత్రాన చెల్లింపు ఆగదు. అర్హత ఉందని తేల్చాక యజమాని అప్పీల్ చేశాడన్న కారణంతో డబ్బు ఆపకూడదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా కాలిఫోర్నియా కేసులోనే. కాకపోతే పైన ఓడిపోతే తిరిగి కట్టమనవచ్చు, వచ్చిందంతా ఖర్చు పెట్టేయకండి.

మీ వీసా ఏమిటో రాయలేదు. గ్రీన్ కార్డ్ అయినా, హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) అయినా ఇబ్బంది లేదు. ఇది పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని గ్రీన్ కార్డ్‌కి అడ్డు చెప్పే నియమం) కింద కూడా రాదు, మన వాళ్ల గ్రూపుల్లో ఊరికే భయపెడుతుంటారు. హెచ్1బి అయితే కష్టం, వేరే ఎవరి దగ్గరైనా వెంటనే చేరే అనుమతి ఉండాలంటారు. అలాంటప్పుడు అప్పీల్‌కి ముందు లాయర్‌ని అడగండి. ఇంకొకటి, ఈ డబ్బు మీద కాలిఫోర్నియా పన్ను లేదు గానీ ఫెడరల్ పన్ను ఉంది. 10 శాతం ముందే పట్టుకోమంటే పట్టుకుంటారు.