సొంత పార్టీలో 94 శాతం... ఎంతమందిలో?

ప్రశ్న: మా ఎమ్మెల్యేకు సొంత పార్టీ వాళ్లలో ఆదరణ ఆరు నెలల్లో 80 నుంచి 94 శాతానికి పెరిగిందని ఒక సర్వే వాట్సాప్‌లో తిరుగుతోంది. ఊళ్లో చూస్తే మొన్నటిదాకా జెండా మోసినవాళ్లే ముఖం చాటేస్తున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రెండూ నిజం కావచ్చు. 1000 మందిని అడిగారనుకోండి. 'మాది ఆ పార్టీయే' అన్నవాళ్లు 400. వాళ్లలో ఎమ్మెల్యే పనితీరు బాగుందన్నది 320 మంది, అంటే 80 శాతం. మిగతా 600లో బాగుందన్నది 120, అంటే 20 శాతం. మొత్తమ్మీద 44.

ఆరు నెలలకు, పార్టీలో ఉండి అలిగిన 80 మందిలో 60 మంది 'మాకు ఏ పార్టీ లేదు' అన్నారు. పార్టీ వాళ్లు 340కి తగ్గారు, మెచ్చేవాళ్లు అదే 320. చూస్తే 94 శాతం! అవతల 660లో 120, అంటే 18కి దిగింది. ఎమ్మెల్యే మీద ఒక్కరి అభిప్రాయమూ మారలేదు, మొత్తం 44 దగ్గరే ఉంది. ప్రచారానికి మాత్రం 94 ఒక్కటే బయటికొస్తుంది.

గెలిచాక ఇది తిరగబడుతుంది. కండువా మార్చుకుని వచ్చినవాళ్లకు నాయకుడి మీద అంత మమకారం ఉండదు కాబట్టి, పార్టీ పెరిగినా లోపలి శాతం పడిపోవచ్చు.

మన పక్కనే మునుగోడు ఉంది. 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2022 ఆగస్టులో రాజీనామా చేశారు. నవంబరు ఉపఎన్నికలో బీజేపీ నుంచి పోటీచేసి, 86 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నా ఓడారు. కాంగ్రెస్‌కు 24 వేలు కూడా రాలేదు. 2023లో తిరిగి కాంగ్రెస్‌కొచ్చి గెలిచారు. 'కాంగ్రెస్ వాళ్లలో ఆయన ఆదరణ' అని మూడుసార్లు కొలిస్తే, మూడుసార్లూ వేరే జనాన్ని కొలిచినట్టే.

ప్రశ్న: మేమే ఊళ్లో సర్వే చేయాలనుకుంటే?
– అదే పాఠకుడు

జవాబు: పనితీరు ముందు అడగండి, పార్టీ చివర్లో. పార్టీ ముందే చెప్పించుకుంటే తర్వాతి జవాబు దాన్ని బట్టే వస్తుంది. వీలైతే మొదట అడిగినవాళ్లనే ఆరు నెలలకు మళ్లీ అడిగి, మొదటిసారి చెప్పిన పార్టీ ప్రకారమే విడదీయండి. గత ఎన్నికలో ఓటెవరికి వేశారని ఇప్పుడడిగితే ఓడినవాళ్లకు వేసినవాళ్లు కొందరు గెలిచినవాళ్ల పేరే చెబుతారు. శాతం పక్కన మనుషుల సంఖ్య తప్పక రాయండి: 1000 మందిని అడిగితే సర్వే లెక్కకూ అసలుకూ తేడా 3 పాయింట్ల దాకా ఉంటే, 340 మందిలో 5 దాకా ఉండొచ్చు. అదీ ఇళ్లను లాటరీ తీసినట్టు ఎంచుకుంటేనే. టీకొట్టు దగ్గర నలుగురి ముందు మాత్రం అడగొద్దు. పింఛను తీసుకునే ముసలాయన అక్కడ అధికార పార్టీ పేరే చెబుతాడు.