పదేళ్ల బాబు కడుపునొప్పి: ఇంకేం మాన్పించాలి?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. మూడు నెలలుగా వారానికి రెండు మూడు రోజులు, బడికి బయల్దేరే వేళకి బొడ్డు చుట్టూ నొప్పంటాడు. విరేచనమైతే తగ్గుతుంది. డాక్టరుగారు ఐబీఎస్ (పేగుల్లో వేరే జబ్బేమీ కనబడకపోయినా కడుపునొప్పి, విరేచనాల్లో తేడా ఉండే సమస్య) అన్నారు. పాలు, గోధుమలు, పప్పులు, ఉల్లి, వెల్లుల్లి మాన్పించాం. నొప్పి అలాగే ఉంది, బరువు కిలో తగ్గాడు. ఇంకేం మాన్పించాలి?

జవాబు: ఇంకేమీ మాన్పించకండి. ఎదిగే పిల్లాడు కిలో తగ్గితే తిండి చాలకేనని మీరే తేల్చేసుకోవద్దు, డాక్టరుకు చెప్పండి. సీలియాక్ జబ్బును (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పట్టే టీటీజీ రక్తపరీక్ష చేశారేమో అడగండి. అది గోధుమ తింటున్న రోజుల్లోనే చేయించాలి. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు.

మిగతావి తిరిగి పెట్టి, ఒక్కోసారి ఒక్కదాన్నే పరీక్షించండి. ముందు పాలు. రెండు వారాలు పాలు, కోవా, ఐస్‌క్రీమ్ ఆపి, తర్వాత మూడు రోజులు రోజుకో గ్లాసు ఇవ్వండి. తేడా లేకపోతే తప్పు పాలది కాదు. ఉల్లి, వెల్లుల్లిలో గ్యాసు పుట్టించే ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే సాంబారులో ఉల్లిముక్కలు ఏరేసినా లాభం లేదు. వెల్లుల్లిని నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే ఇబ్బంది ఉండదు. ఉల్లి, వెల్లుల్లి మానే ఈ పథ్యం నాలుగు వారాలు దాటకూడదు, అదీ డైటీషియన్ చూస్తుండగానే. పీచు కోసం తవుడు కలిపితే ఉబ్బరమే మిగులుతుంది.

నిజానికి పిల్లల్లో పథ్యం కంటే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), హిప్నోథెరపీలకే ఆధారాలు గట్టివి. నొప్పి నటన అని కాదు, పేగుల మామూలు కదలికే మెదడుకు నొప్పిగా అందుతోంది. హిప్నోథెరపీ అంటే స్టేజీ మీది ఇంద్రజాలం కాదు, కడుపు కుదుటపడుతున్నట్టు ఊహించుకుంటూ ఒళ్లు సడలించే సాధన. నెదర్లాండ్స్‌లో 53 మంది పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది తర్వాత ఈ చికిత్స పొందినవారిలో 85 శాతం మందికి నయమైంది, మామూలు వైద్యంతో 25 శాతం మందికే.

ఇంట్లో అరగంట ముందు లేపండి. టిఫిన్ తిన్నాక కాళ్ల కింద పీట పెట్టి పది నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. తిన్న వెంటనే పెద్దపేగు కదులుతుంది, బస్సు తొందరలో దాన్ని ఆపుకుంటేనే నొప్పి ముదురుతుంది. "ఇంకా నొప్పిగా ఉందా నాన్నా?" అని మాటిమాటికీ అడగొద్దు. అడిగేకొద్దీ ధ్యాసంతా కడుపు మీదికే పోతుంది. వాడే చెబితే విని, వేరే పనిలోకి మళ్లించి, బడికి పంపండి. నొప్పితో రాత్రి నిద్రలేచినా, మలంలో రక్తం పడినా, జ్వరమొచ్చినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే చూపించండి.