ట్రైల్ వేసేది ఒకరు, తుడిచేది ఇంకొకరు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అమెరికాలో రాష్ట్రాలన్నీ ఉన్నట్టుండి కొండలూ ఏర్లూ చూపించి డబ్బు సంపాదించాలని ఎందుకు పడ్డాయో పోయిన సంచికలో రాశాం కదా, దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్ని తిట్లు, కొన్ని ప్రశ్నలు. తిట్లు దాచుకుని ప్రశ్నలకి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేం ప్రతి శనివారం హైకింగ్‌కి పోతాం. తిండి ఇంటి నుంచే, నీళ్ళు ఇంటి నుంచే, పార్కింగ్ ఫ్రీ. మావల్ల ఎవరికి ఏం ఒరిగిందని దీన్ని ఎకానమీ అంటున్నారు?
– ఒక పాఠకుడు, టెక్సస్

మీవల్ల పెద్దగా ఏం ఒరగలేదండీ, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఈ లెక్కలో మీలాంటి వాళ్ళది చిన్న వాటా. ఈ ఆరుబయట సరదాల వ్యాపారం మొత్తం ఎంతంటే ఇదివరకు ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్ళు చెప్పేవాళ్ళు, షాపుల వాళ్ళు ఒకటి, టూరిజం వాళ్ళు ఒకటి. 2016 డిసెంబర్‌లో చట్టం చేసి, జీడీపీ లెక్కలు కట్టే ప్రభుత్వ బ్యూరోకే ఈ పని అప్పగించారు. వాళ్ళ ప్రకారం 2023లో దేశం మొత్తం మీద 63,950 కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 2.3 శాతం, ఉద్యోగాలు సుమారు 50 లక్షలు. అందులో నడక ఎక్కడో కింద ఉంటుంది, పైన ఉండేది పడవలూ చేపలు పట్టడం, తర్వాత ఆర్‌వీలు (లోపలే వండుకుని పడుకునే ఇళ్ళలాంటి బండ్లు), ఆ పైన ఇవన్నీ చెయ్యడానికి దూరం నుంచి వచ్చేవాళ్ళ హోటళ్ళు, ప్రయాణాలు. మీరు శనివారం పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తే రాష్ట్రానికి మిగిలేది కారు గ్యాస్ (పెట్రోల్) మీద ట్యాక్సే. ఒక రాత్రి ఆగితే కథ వేరు, రాష్ట్రాల తాపత్రయమంతా ఆ ఒక్క రాత్రి గురించే.

ప్రశ్న: పశ్చిమాన భూమి అంతా ఫెడరల్ గవర్నమెంట్‌ది, తూర్పున అంతా ప్రైవేట్‌ది అని మీరే రాశారు. మరి మధ్యలో రాష్ట్రం చేసేదేముంది, రిబ్బన్ కత్తిరించడం తప్ప?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

మంచి ప్రశ్న. రిబ్బన్ కత్తిరింపులు కూడా బాగానే ఉంటాయి లెండి. కానీ అసలు పని అంతకుముందే, కాగితాల మీద జరుగుతుంది.

వెస్ట్ వర్జీనియా దక్షిణాన బొగ్గు కంపెనీలకీ కలప కంపెనీలకీ కొండలకి కొండలే ఉన్నాయి. ఏటీవీలని కొండదారుల్లో నడిచే బండ్లు వేసుకుని కుర్రాళ్ళు ఆ కొండల్లోకి ఎలాగూ దూరేవాళ్ళు, కంపెనీలు గేట్లు పెట్టేవి, వీళ్ళు గేటు పక్కనుంచి పోయేవాళ్ళు. ఎవరైనా బోల్తా పడి నడుం విరగ్గొట్టుకుంటే కేసు కంపెనీ మీద పడుతుందని వాళ్ళ భయం. 1996లో రాష్ట్ర శాసనసభ హ్యాట్‌ఫీల్డ్–మెకాయ్ పేరుతో ఒక అథారిటీ పెట్టింది. భూమి కొనలేదు, లాక్కోలేదు. మీ భూమి మీదే, బొగ్గు తవ్వుకోండి, చెట్లు కొట్టుకోండి, మేం దారి మాత్రం వాడుకుంటాం, ఇన్సూరెన్స్ మాది, గస్తీ మాది, పర్మిట్ లేకుండా ఎవరూ రాకుండా చూసేది మేమే అని ఒప్పందం రాసుకున్నారు. 2000లో మొదలైంది, ఇప్పుడు వెయ్యి మైళ్ళు దాటింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏటీవీని రోడ్డు మీద కూడా నడపనిస్తారు, అందుకని హెల్మెట్ దగ్గర్నుంచి బూట్ల దాకా బురదే బురదగా ఉన్న మనుషులు అదే బండి మీద తిన్నగా హోటల్ ముందుకొచ్చి ఆగుతారు, నేల తుడుచుకునే పని హోటల్ వాళ్ళది, కానీ బిల్లు కడతారు కాబట్టి ఎవరూ ఏమనరు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. జనాన్ని ఉచితంగా తన భూమిలో తిరగనిచ్చే యజమాని మీద సులువుగా కేసు పడకుండా కాపాడే చట్టాలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మామూలుగా అయితే టికెట్ పెట్టి డబ్బు తీసుకున్న మరుక్షణం ఆ రక్షణ పోతుంది. అందుకే డబ్బు వసూలు చేసే పని అథారిటీ నెత్తినేసుకుంది. చూడ్డానికి చాలా బోర్ విషయం, కానీ ఇది లేకపోతే ఆ వెయ్యి మైళ్ళు లేవు.

ఇక ఫెడరల్ భూమి సంగతి. 2013 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం షట్‌డౌన్ అయ్యి నేషనల్ పార్కులకి తాళాలేస్తే, యూటా రాష్ట్రం తన జేబులోంచి పది రోజులకి సుమారు 16.7 లక్షల డాలర్లు పంపించి మరీ తెరిపించుకుంది. మన ఇల్లు కాదు, అయినా కరెంటు బిల్లు మనం కట్టాం అన్నమాట. జాయన్, ఆర్చెస్ మూసుంటే పక్క ఊళ్ళ మోటెళ్ళు ఖాళీ, అక్టోబర్ అక్కడ మంచి సీజన్. ఎవరి భూమి అన్నది కాగితం మీదే, నష్టం ఎవరికన్నది ఆ రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

ప్రశ్న: దీనికోసం ప్రత్యేకంగా ఆఫీసు పెట్టడం అవసరమా? మళ్ళీ ఇంకో డైరెక్టరూ, ఇంకో కారూ.
– ఒక పాఠకుడు, ఒహాయో

ఈ ఆరుబయట సరదాల ఆఫీసుల్లో మొదటిది కూడా యూటానే పెట్టింది, ఆ 2013లోనే. 2018కి ఎనిమిది రాష్ట్రాలు కలిసి ఉమ్మడి సూత్రాల మీద సంతకాలు చేశాయి. అవసరమా అంటే, పార్కులు ఒక శాఖ, రోడ్లు ఒక శాఖ, వేట లైసెన్సులు ఒక శాఖ, టూరిజం ఇంకో శాఖ, ఒక ట్రైల్‌కి ఈ నాలుగూ సంతకం పెట్టాలి, ఆ నలుగురికీ ఫోన్ చేసి వెంటపడే మనిషి ఒకరుండాలి. కారు గురించి మీతో ఏకీభవిస్తాను.

ప్రశ్న: డబ్బు ఎక్కడిది? చివరికి మా ట్యాక్సేనా?
– ఒక పాఠకురాలు, మిషిగన్

మీ ట్యాక్సే, కానీ మీరు తుపాకీ కొంటారా? తుపాకులూ తూటాల మీద తయారీ దగ్గరే ట్యాక్స్ ఉంది, పొడవాటి తుపాకులూ తూటాలకి 11 శాతం, పిస్టళ్ళకి 10. 1937లో చేసిన చట్టం వల్ల అది వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి వెళ్తుంది, రాష్ట్రం ఒక డాలర్ పెడితే కేంద్రం మూడు పెడుతుంది, షరతు ఏమిటంటే వేట లైసెన్సుల డబ్బుని రాష్ట్రం వేరే దేనికీ మళ్ళించకూడదు. 1950లో చేపల గాలాలకీ ఇలాంటిదే తెచ్చారు. అంటే పక్షుల్ని చూడ్డానికి బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని వచ్చేవాళ్ళకోసం ఆ చిత్తడి నేలల్ని కాపాడింది చాలావరకు వాటిని కాల్చేవాళ్ళ డబ్బు, ఇది నాకు ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది. టెంట్లకీ బ్యాక్‌ప్యాక్‌లకీ కూడా ట్యాక్స్ వేద్దామని 1990లలో అడిగారు, సామాన్ల కంపెనీలు ఒప్పుకోలేదు, ఆగిపోయింది.

రెండోది సముద్రంలో తీసే నూనె, గ్యాస్ రాయల్టీలు. అందులోంచి భూమి కొనడానికీ పార్కులకీ ఇవ్వాలని 1960ల నుంచే చట్టం ఉంది, తర్వాత అది ఏటా 90 కోట్ల డాలర్ల దాకా పెరిగింది గానీ చాలా ఏళ్ళు కాంగ్రెస్ పూర్తిగా ఇవ్వలేదు, 2020లో ఆ 90 కోట్లూ తప్పనిసరి చేశారు. ఈ డబ్బులో రాష్ట్రం వాటా తీసుకుని ఒక గ్రౌండ్ కట్టారనుకోండి, సగం రాష్ట్రమో ఊరో పెట్టుకోవాలి, ఆ తర్వాత ఆ స్థలాన్ని ఎప్పటికీ ఆటకీ నడకకీ వదిలెయ్యాలి. ఇరవై ఏళ్ళ తర్వాత కొత్త మేయర్ వచ్చి అక్కడ ఆఫీసులు కడతానంటే, అంతే విలువైన వేరే భూమి ఇస్తే తప్ప కుదరదు.

రాష్ట్రాల సొంత ఉపాయాల్లో నాకు నచ్చింది మిస్సోరీది. 1976లో ఓటేసి అమ్మకం పన్నులో సెంట్‌లో ఎనిమిదో వంతు అడవులకీ జంతువులకీ ఇచ్చుకున్నారు, అంటే ఎనిమిది డాలర్ల సరుక్కి ఒక సెంటు, ఎవరికీ నొప్పి తెలీదు. కొలరాడో లాటరీ డబ్బు పెట్టింది, పైగా 2023 నుంచి కారు రిజిస్ట్రేషన్‌తో పాటు 29 డాలర్ల పార్క్ పాస్ కలిపేసింది, వద్దంటే మీరే తీసెయ్యమని చెప్పాలి. చాలామంది చెప్పరని వాళ్ళకి తెలుసు.

ప్రశ్న: మీ వ్యాసంలో అంతా మంచే ఉంది. మా దగ్గర అద్దెలు పెరిగాయి, వారాంతం వస్తే మా ఊళ్ళో మాకే పార్కింగ్ ఉండదు.
– ఒక పాఠకుడు, కొలరాడో

ఈ విమర్శ ఒప్పుకుంటున్నాను, ఆ సంగతి మేం పట్టించుకోకుండా రాసేశాం. యూటాలో మోయబ్ చూడండి, అక్కడ కాఫీ కలిపేవాళ్ళకీ గది శుభ్రం చేసేవాళ్ళకీ ఆ ఊళ్ళో ఇల్లు దొరకడం గగనం. ఆర్చెస్ పార్క్ గేటు దగ్గర కార్ల వరస భరించలేక 2022లో టైమ్ స్లాట్ బుకింగ్ మొదలుపెట్టారు. వర్మాంట్‌లో కింగ్‌డమ్ ట్రైల్స్ అని సైకిల్ దారులున్నాయి, సుమారు వందమంది సొంత భూముల మీదుగా పోతాయి, అంతా మంచి మాట మీద నడిచే వ్యవహారం. జనం ఎక్కువయ్యారు, 2019 చివర్లో కొందరు యజమానులు ఇక సైకిళ్ళు మా భూమిలోకి రావద్దన్నారు. మంచి మాటని ఒక్క ఫోన్ కాల్‌తో వెనక్కి తీసుకోవచ్చు. మార్కెటింగ్‌కి డబ్బిచ్చిన రాష్ట్రాలు పార్కింగ్‌కీ, టాయిలెట్‌కీ, పనివాళ్ళ ఇళ్ళకీ అదే ఫైల్‌లో డబ్బు రాయకపోతే ఇలాగే ఉంటుంది. టాయిలెట్‌కి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు కదా.

ప్రశ్న: మా టౌన్ అంచున పాత రైలు కట్ట ఉంది. ట్రైల్ వస్తుందని కౌంటీ వాళ్ళు అంటున్నారు. మా ఆయన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు పెడదామంటున్నారు, నాకు భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, నార్త్ కరొలైనా

అమ్మా, ముందు ఆ కట్ట ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. రైలు వాళ్ళు పూర్తిగా వదిలేస్తే చాలాచోట్ల ఆ నేల అటూ ఇటూ ఉన్న పొలాల వాళ్ళకి పోతుంది. అలా పోకుండా, రేపెప్పుడైనా రైలు మళ్ళీ రావచ్చు, అప్పటిదాకా నడకదారిగా ఉంచుదాం అని 1983లో ఒక చట్టం చేశారు. 1990లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది, కాకపోతే పక్కవాళ్ళు పరిహారం అడగొచ్చు. కాబట్టి కౌంటీ వాళ్ళని అడగాల్సిన మొదటి మాట, రైలు కంపెనీతో ఒప్పందం మీద సంతకాలయ్యాయా అని.

తర్వాత టైమ్. పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లండ్ దాకా 150 మైళ్ళ గ్రేట్ అలెఘేనీ దారి చాలా పేరున్నదే, మొదటి ముక్క 1986లో తెరిచారు, చివరి ముక్క 2013లో. మీ ఊరి ముక్క ముందుదో చివరిదో చూసుకోండి.

ఇంకొకటి, పూర్తయిన ట్రైల్ కూడా కొట్టుకుపోవచ్చు. వర్జీనియాలో డమాస్కస్ అనే చిన్న ఊరుంది, మీకు మరీ దూరం కూడా కాదు. అక్కడ షాపుల వాళ్ళు సైకిళ్ళతో సహా మనుషుల్ని వ్యాన్‌లో కొండపైన వైట్‌టాప్ దాకా తీసుకెళ్ళి దింపేవాళ్ళు, అక్కణ్ణుంచి 17 మైళ్ళు పెద్దగా తొక్కే పని లేకుండా కిందికి జారుకుంటూ వచ్చెయ్యడమే, పిల్లలకీ ముసలివాళ్ళకీ అదే సరదా. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వరదకి వర్జీనియా క్రీపర్ అనే ఆ ట్రైల్‌లో డమాస్కస్‌కి పైనున్న ఆ సగం వంతెనలతో సహా పోయింది. పైసగం ఫెడరల్ అటవీ శాఖది, కిందిసగం ఊళ్ళది, కిందిది నిలబడింది. కానీ షాపుల బేరమంతా పైసగం మీదే నడిచేది.

షాపు వద్దనను. ఈ ఏడాది పది పాత సైకిళ్ళూ ఒక ట్రెయిలరూ చాలు, ఉన్న గ్యారేజ్‌లోంచే మొదలుపెట్టమనండి, దుకాణం లీజు మాత్రం ట్రైల్ మీద గ్రావెల్ పడ్డాకే. కౌంటీ మీటింగ్‌కి మీవారిని కాదు, మీరే వెళ్ళండి, భయపడేవాళ్ళే సరైన ప్రశ్నలు అడుగుతారు. వర్షాకాలంలో ఆ కల్వర్టులు ఎవరు శుభ్రం చేస్తారో అడిగి, జవాబు చెప్పిన ఆఫీసు పేరు రాసుకుని రండి.