రచయిత కాగితాలు అటక మీంచి దించే ముందు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

నవలలూ సినిమాలూ రెండూ రాసిన పెద్దలు పోయాక ఇంట్లో మిగిలిన కాగితాల గురించి విశాఖ నుంచి ఈమధ్య వరసగా ఉత్తరాలొస్తున్నాయి. ఒకేలాంటివి కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు వారపత్రికలకి సీరియల్ నవలలు, మద్రాసులో కొన్ని సినిమాలకి కథ, మాటలు రాశారు. రెండు ట్రంకుపెట్టెలు, ఒక గోనెసంచి నిండా కాగితాలున్నాయి. నవలలు ఒక పక్క, సినిమాలు ఒక పక్క సర్ది, సాపు ప్రతులు ఉంచుకుని చిత్తు ప్రతులు తీసేద్దామని మా పిన్ని అంటోంది. చెయ్యొచ్చా? – సీతమ్మధార

జవాబు: పిన్నిగారిని కాస్త ఆగమనండి. అప్పట్లో సాపు ప్రతి పత్రికాఫీసుకి, అక్కణ్ణించి కంపోజింగుకి వెళ్లేది. తిరిగిరావడం అరుదు. ఇంట్లో మిగిలేది చిత్తు, లేదంటే కార్బన్ కాపీ. అచ్చయిన నవల ఏదో ఒక లైబ్రరీలో దొరుకుతుంది. అధ్యాయం ముగింపుని నాలుగుసార్లు కొట్టేసి తిరగరాసిన అరఠావు ఇంకెక్కడా దొరకదు.

నవలలూ సినిమాలూ వేరుచేయడం కూడా ఇప్పుడే వద్దు. రెండు పనులూ చేసే రచయిత కాగితానికి ఈ పక్క సీరియల్, ఆ పక్క సీను రాసుకుంటారు. నిర్మాత ఉత్తరం, వన్‌లైన్ ఆర్డరు (సీన్ల క్లుప్త వరస), హోటల్ లెటర్‌హెడ్ మీద గిలికిన ఒక సీను – మూడూ ఒకే గుండుసూదికి ఉన్నాయనుకోండి. అవి ఒకే సమయానివని చెప్పే సాక్ష్యం ఆ సూదే. విడదీశారంటే, తేదీ వేయని ఆ సీను ఏ సినిమాదో, ఏ ఏడాదిదో తేల్చడం కష్టం.

మూత తీయగానే పెట్టెకి ఫోన్‌తో ఫొటో తీయండి. పై వరస తీశాక మరొకటి, ఇలా అడుగు దాకా. తర్వాత నంబర్లు: ఒకటో పెట్టె, నాలుగో కట్ట, పదిహేడో కాగితం అయితే 1-4-17. కాగితాన్ని గట్టి అట్ట మీద పెట్టి, వెనక పక్క కింది మూల 2బి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్నూ స్టిక్కరూ వద్దు. జాబితాలో ఐదు గడులు చాలు: నంబరు, ఏమిటది, ఎన్ని పేజీలు, తేదీ, పరిస్థితి. తేదీ కాగితం మీద ఉంటేనే రాయండి, ఊహైతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పిన్నిగారు కోరిన సర్దుడంతా ఆ జాబితాలో చేసుకోవచ్చు, కాగితాలు కదలక్కర్లేదు.

సినిమా కాగితాలు ఇలా పోల్చుకోండి. వన్‌లైన్ ఆర్డరులో సీనుకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ట్రీట్‌మెంటులో కథ నడక ఉంటుంది, మాటలుండవు. డైలాగ్ వెర్షన్‌కి కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమ సగంలో యాక్షన్, కుడి సగంలో మాటలు రాసేవారు. ఆ మడత గీత ఇప్పటికీ కనిపిస్తుంది. 23 తర్వాత 23ఎ, 23బి వస్తే ఆ సీన్లు తర్వాత చేర్చినవి. రాత మారి, మార్జిన్‌లో టిక్కులుంటే అసిస్టెంట్ డైరెక్టరు ఎత్తిరాసుకున్న షూటింగ్ కాపీ అయ్యుండొచ్చు, పారేయకండి. సెన్సార్ స్క్రిప్టు సినిమా పూర్తయ్యాక తెర మీద ఉన్నదాన్ని బట్టి తయారయ్యేది. తాతగారు రాసినదాంట్లో ఎంత మిగిలిందో పోల్చడానికి అదే కొలత.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌కి దగ్గర. నాన్నగారి రాతప్రతులు బీరువాలో పెట్టాం. పిన్నులు తుప్పుపట్టాయి, తలుపు తీస్తే ముక్క వాసన. కలరా ఉండలు వేశాం. ఇంకేం చెయ్యాలి? – లాసన్స్ బే కాలనీ

జవాబు: కలరా ఉండలు తీసేయండి. వాటివల్ల ఫంగస్ చావదు, ఆ ఆవిరి ఇంట్లోవాళ్లకి మంచిది కాదు. వేపాకు కూడా కాగితాల మధ్య పెడితే మరక దింపుతుంది.

మీ అసలు శత్రువు గాలిలో తేమ. అది 65 శాతం దాటి నిలబడితే ఫంగస్ మొలుస్తుంది. మన తీరంలో వర్షాకాలమంతా అంతకు పైనే. 45 నుంచి 55 మధ్య ఉంటే కాగితం సుఖంగా ఉంటుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని బీరువాలో పెట్టండి. అంకె తెలియకుండా చేసే ఏ జాగ్రత్తయినా గుడ్డి లెక్కే. బీరువాని వానకొట్టు గోడకి ఆనించకుండా ఒక జానెడు ముందుకి జరపండి. కాళ్ల కింద ఇటుకలు పెట్టి నేలకి 15 సెంటీమీటర్ల ఎత్తు లేపండి. వాన లేని పొడి రోజుల్లో తలుపులు తెరిచి గాలాడనివ్వండి. చాలామంది పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేస్తారు. చల్లబడ్డ కాగితాల మీద రాత్రి తేమగాలి చేరి చెమ్మ దిగుతుంది. అలాంటి ఏసీ కంటే ఫ్యాను నయం. సిలికా జెల్ మూత బిగిసే డబ్బాలోనే పనిచేస్తుంది, సందులున్న బీరువాలో దండగ. అటక మాత్రం వద్దేవద్దు: పైన స్లాబు వేడి, మూలన చెదలు.

ముక్క వాసన వచ్చే కట్టల్ని ముందు వేరే గదిలోకి మార్చండి. ఎన్95 మాస్కు కట్టుకుని, ఆరుబయట నీడలో, మెత్తటి బ్రష్షుతో ఫంగస్‌ని మీ నుంచి అవతలికి దులపండి. తడిగుడ్డ పెడితే పొడి కాస్తా మరకవుతుంది. ఎండలో పరిస్తే సిరా వెలిసి కాగితం పెళుసెక్కుతుంది.

ఇక పిన్నులు. తుప్పు పట్టిన పిన్నుని లాగితే దాని చుట్టూ ఉన్న కాగితం బిళ్లలా ఊడి వస్తుంది. పిన్నుకీ కాగితానికీ మధ్య పలచటి ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చండి. వెనక కాళ్లని మొద్దు చాకు మొనతో ఒక్కొక్కటిగా నిటారుగా లేపి, కట్టని తిప్పి, పై నుంచి మెల్లగా ఎత్తండి. గుండుసూది తుప్పుకి అతుక్కుపోతే అక్కడే ఒకటి రెండుసార్లు గుండ్రంగా తిప్పితే పట్టు వదులుతుంది. ఆ కాగితాలన్నీ ఒకే మడత షీటులో పెట్టి, మళ్లీ పిన్ను కొట్టకుండా, పైన పెన్సిల్‌తో ‘ఒకే పిన్నుకి ఉన్నవి’ అని రాయండి. ఫోల్డరుకి 50 కాగితాలు మించొద్దు. ఫోల్డర్లు ఆమ్లం లేని అట్టవి కొనండి. పీవీసీ కవర్లు మన వాతావరణంలో చెమ్మని లోపలే బంధిస్తాయి, సిరాని పీల్చుకుంటాయి.

ప్రశ్న: చిరిగిన స్క్రిప్టు పేజీల్ని సెల్లో టేపుతో అతికించి లామినేషన్ చేయిద్దామా? – గాజువాక

జవాబు: రెండూ వద్దు. టేపు కొన్నేళ్లకి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. లామినేషన్ వేడికి ప్లాస్టిక్ కాగితంలో కలిసిపోతుంది, మళ్లీ తీయలేం. చిరుగుని కలిపి, మడత షీటులో బల్లపరుపుగా పెడితే చాలు. తప్పనిసరైతే జపనీస్ టిష్యూ అనే పలచటి గట్టి కాగితం, సీఎంసీ అనే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ జిగురు వాడాలి, అదీ తెలిసినవాళ్లతోనే. మైదాజిగురైతే వెండిరంగు పురుగులకి విందే. పాత టేపు ఇప్పటికే ఉంటే పీకకండి.

ప్రశ్న: మావయ్యగారు చివరి నవలలు, ఒక సినిమా స్క్రిప్టు డీటీపీ చేయించారు. ఫ్లాపీలు, సీడీలు ఉన్నాయి. ఒక ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలొచ్చాయి. పోయినట్టేనా? – మధురవాడ

జవాబు: పోలేదు. డీటీపీకి వాడిన పాత ‘అను’ కంపెనీ ఫాంట్లలో తెలుగు ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మీరు చూసిందే కనిపిస్తుంది. ఆ స్థితిలో ‘సేవ్’ నొక్కకుండా మూసేయండి.

ఫ్లాపీని డ్రైవులో పెట్టేముందు లోహపు రేకు పక్కకి జరిపి లోపలి నల్ల డిస్కు చూడండి. తెల్లచుక్కలుంటే ఫంగస్. పెడితే ఆ ఫ్లాపీతోపాటు డ్రైవు హెడ్డూ, దాని ద్వారా తర్వాతి ఫ్లాపీలూ పాడవుతాయి. శుభ్రంగా ఉంటే మూలనున్న చిన్న ప్లాస్టిక్ మీటని జరిపి రంధ్రం తెరవండి. అప్పుడు చదవడమే గానీ రాయడం కుదరదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుతో కాపీ అయిపోతుంది. చదవనని మొరాయిస్తే పదేపదే ప్రయత్నించకండి, ప్రతిసారీ పూత ఇంకాస్త గీసుకుపోతుంది.

ఫైళ్లు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌వి అయితే అవి తెరిచే పాత కంప్యూటరు ఇంకా ఉంచుకున్న డీటీపీ సెంటరుని వెతకండి. అక్కడ ముందు పీడీఎఫ్ తీయించండి, ఆ తర్వాతే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్పిడిలో వత్తులు, ముఖ్యంగా రవత్తు, విరామచిహ్నాలు, అంకెలు తారుమారవుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని దిద్దుకోవాలి. పాత ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్ ప్రతి మూడూ దాచండి.

కాగితాల స్కానింగుకీ ఇక్కడే లెక్క చెప్తాం. రాతకి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), వెలిసిన పెన్సిల్‌కీ ఫొటోలకీ 600, అన్నీ కలర్‌లోనే. ఏ4 పేజీ 300 డీపీఐలో కుదించని టిఫ్ ఫైలుగా దాదాపు 26 ఎంబీ. వెయ్యి పేజీలంటే 26 జీబీ. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారికి ప్రముఖులు రాసిన ఉత్తరాలు అచ్చువేద్దామనుకుంటున్నాం. సినిమాగా రాని ఒక స్క్రిప్టు కూడా ఉంది. అన్నీ మావే కదా? – మహారాణిపేట

జవాబు: కాగితం మీదే, అందులోని మాటలు అన్నీ మీవి కావు. ఉత్తరంలోని రాత మీద హక్కు రాసినవారిది, వారు పోతే వారసులది. దాచుకోవడానికి, చూపించడానికి అడ్డులేదు. అచ్చువేయాలంటే వారి అనుమతి కావాలి.

రచయిత పోయిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్లు కాపీరైటు నడుస్తుంది. మన విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు గనక ఆయన బతికుండగా వెలువడిన రచనలకి 2043 డిసెంబరు 31 దాకా హక్కుంటుంది. రచయిత పోయేదాకా అచ్చుగాని, మరేరకంగా గాని వెలుగు చూడని రచనకి లెక్క వేరు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. వీలునామాలో ఫలానా రాతప్రతి ఫలానావారికి అని రాసి, అది అప్పటికి అచ్చుకాకపోతే, వేరే మాట ఏదీ లేనప్పుడు కాపీరైటు కూడా వారికే వెళుతుంది. వీలునామా లేకపోతే హక్కు వారసులందరిదీ. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ సంతకం చేస్తేనే ఒప్పందం నిలుస్తుంది.

స్క్రిప్టుకి సంబంధించి నాన్నగారి ఒప్పందపత్రం వెతకండి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే అని చట్టం చెబుతుంది గానీ, అది 1994 సవరణ తర్వాతి ఒప్పందాలకే. 1970ల నాటి కాగితమైతే అందులోని మాటే ప్రమాణం, అది లాయరుకి చూపించాల్సిందే. నాన్నగారు నిర్మాణసంస్థలో నెలజీతం మీద రాసి ఉంటే ఆ స్క్రిప్టు మొదటి హక్కుదారు సాధారణంగా సంస్థే. ఇంకోమాట: కథలోని ఐడియాకి కాపీరైటు లేదు, దాన్ని నడిపించిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. అందుకని స్క్రిప్టు ఎవరికైనా చదవమని ఇస్తే జిరాక్స్ ఇవ్వండి, ఇచ్చిన తేదీతో రసీదు తీసుకోండి.

ప్రశ్న: తుపానుకి కిటికీ ఊడి కాగితాలు తడిస్తే? – భీమిలి

జవాబు: 48 గంటల్లో ఫంగస్ మొదలవుతుంది, గడువు అదే. పుస్తకాల్లో డీప్‌ఫ్రీజర్లో పెట్టమని ఉంటుంది. బటర్ పేపరు చుట్టిన చిన్న కట్టలుగా గడ్డకట్టించి, తీరిక చూసుకుని కొన్ని కొన్ని ఆరబెట్టడం నిజంగానే మంచి పద్ధతి. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదన్నది గుర్తుంచుకోండి. కాబట్టి గాలికి ఆరబెట్టే ఏర్పాటుతోనే సిద్ధంగా ఉండండి: అచ్చులేని న్యూస్‌ప్రింటు ఒక కట్ట, పాత నూలు దుప్పట్లు, బట్టలారేసే తాడు.

ముందు ఫౌంటెన్ పెన్నుతో రాసినవి తీయండి, వాటి సిరాయే కరుగుతుంది. అద్దకుండా, రుద్దకుండా బల్లపరుపుగా పరవండి. బాల్‌పెన్నూ టైపూ ఆగుతాయి. నున్నటి ఆర్టు పేపరు స్టిల్ పుస్తకాలూ ఫొటోలూ మాత్రం తడిగా ఉండగానే విడదీయాలి, ఆరితే ఇటుకలా అతుక్కుపోతాయి. మామూలు కాగితాలు రాకపోతే బలవంతపెట్టకండి, సగం ఆరాక వాటంతటవే వదులుతాయి.

ప్రశ్న: మాకు దాచే ఓపిక లేదు. ఎవరికివ్వాలి? – ఎంవీపీ కాలనీ

జవాబు: ఊళ్లోనే ఉండాలంటే 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీని ముందు అడగండి. సినిమా స్క్రిప్టులు, స్టిల్స్, పాటల పుస్తకాల వరకైతే 1964లో పుణేలో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయొచ్చు. అయితే సినిమా సగం అక్కడికి, నవల సగం ఇక్కడికి పంచడం మాకిష్టం లేదు. అసలు కాగితాలు ఒకేచోట ఉంచి, రెండోచోటికి స్కాన్‌లు పంపండి. 2025లో జ్ఞాన భారతం మిషన్‌గా మారిన జాతీయ మాన్యుస్క్రిప్ట్ మిషన్ మాత్రం కనీసం 75 ఏళ్లు నిండిన రాతప్రతుల కోసం. 1970ల చిత్తు ప్రతులు పట్టుకుని అటు తిరగకండి.

ఎవరినైనా అడగాల్సినవి: కాగితాలకి జాబితా ఎప్పటికి తయారుచేస్తారు? ఎవరికి చూపిస్తారు? జిరాక్స్ ఎవరికిస్తారు? మా కాగితాలు కలిసే ఉంటాయా? ‘చూస్తాం, ముందు పెట్టండి’ అంటే జాబితా మీద సంతకం లేకుండా పెట్టె దించకండి. దానపత్రంలో కాగితాలు ఇస్తున్నాం అన్నది ఒక వాక్యం, కాపీరైటు ఇస్తున్నామా ఉంచుకుంటున్నామా అన్నది వేరే వాక్యంగా రాయించండి. బతికున్నవాళ్ల సంగతులున్న ఉత్తరాలూ డైరీలూ ఉంటే వేరే కవరులో సీలువేసి, ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదని ఏడాది అంకె వేసి మరీ రాయించండి. ‘కొన్నాళ్లు’ అని రాస్తే ఆ మాటకి విలువ లేదు.

ప్రశ్న: పారేయదగ్గవి అసలేమీ లేవా? – అక్కయ్యపాలెం

జవాబు: ఉన్నాయి. ఒకే దానికి నాలుగు జిరాక్సులుంటే మూడు, ఏమీ రాయని ఖాళీ లెటర్‌హెడ్లు రెండు ఉంచి మిగతావి. చెక్కుబుక్కుల కౌంటర్‌ఫాయిళ్లు, హోటల్ బిల్లులు, రైలు టికెట్లు మాత్రం ఉంచండి: ఏ సినిమాకి ఎంత ముట్టిందో, కథాచర్చలు ఏ వారంలో జరిగాయో వాటివల్లే తెలుస్తుంది.