ఇల్లు తాకట్టు పెట్టి చదివించాలా, షాపు పెట్టించాలా?

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. పదో తరగతితో చదువు ఆపేసి మెకానిక్ పనిలో చేరాను. గాజువాక ఆటోనగర్‌లో అద్దె షెడ్డులో లారీ ఇంజన్లు బాగుచేస్తాను. షెడ్డు అద్దె 14,000, ఇద్దరు పనివాళ్ళ జీతాలు 36,000 పోను నెలకు 75,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 40,000. సొంత ఇల్లు ఉంది. బ్యాంకులో 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, మరో ఎనిమిది నెలల్లో ముగిసే 5 లక్షల చీటీ, మొత్తం 4 లక్షలకు రెండు ఎల్ఐసీ పాలసీలు ఉన్నాయి. నా భార్యకు షుగరు ఉంది, కానీ ఇంతవరకు అవసరం రాలేదని ఆరోగ్య బీమా తీసుకోలేదు. అమ్మాయి బీటెక్ చివరి ఏడాదిలో ఉంది, అమెరికాలో ఎంఎస్ చదువుతానంటోంది. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 35 లక్షలు ఇస్తానంది. డిపాజిట్టును ప్రయాణానికి, మొదటి ఖర్చులకు వాడదామనుకుంటున్నాను. డిప్లొమా చేసిన అబ్బాయి స్పేర్ పార్టుల షాపు పెడతానంటున్నాడు. ఆ చదువు డబ్బు దండగ అని, అదే ఇంటి మీద రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు ఇప్పిస్తానని మా బావమరిది అంటున్నాడు. చదువుకోని నేను ఇల్లు కట్టాను. డబ్బు సంపాదించడానికి పెద్ద చదువు నిజంగా కావాలా?

జవాబు: మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం మీ ప్రశ్న కాదు, దాని వెనుక మీకు కనబడకుండా ఉన్న పొరపాటు. చదువా, వ్యాపారమా అని మీరు అడిగారు. కానీ మీ ముందున్న రెండు దారులూ ఒకే ఇంటి మీద, ఒకే మనిషి రెండు చేతుల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ చేతులకు ఆరు నెలలు పని లేకపోతే ఏం జరుగుతుందో ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. విశాఖలో నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఉద్యోగస్తులైనా, వ్యాపారస్తులైనా, ఎక్కువ మంది చేసే తప్పు ఇదే.

ముందుగా మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. డాక్టరు కావాలంటే డిగ్రీ లేకుండా కుదరదు. చార్టర్డ్ అకౌంటెంట్ కావడానికి మాత్రం ఇంటర్ తర్వాతే ఫౌండేషన్ పరీక్షతో మొదలుపెట్టవచ్చు, కాలేజీ డిగ్రీ ముందుగా ఉండాలన్న నియమం లేదు. మీ వృత్తిలో చేతి నేర్పే పట్టా. అందుచేత సంపాదనకు పెద్ద చదువు తప్పనిసరి అనీ, అనవసరం అనీ ఒక్క మాటలో తేల్చే సలహాదారుణ్ణి నమ్మకండి. చదువు మానేసి కోటీశ్వరులైన వారి కథలు మీ బావమరిది చెప్పే ఉంటారు. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలారు, నిజమే, కానీ ఆయన తండ్రి సియాటిల్‌లో పేరున్న న్యాయవాది. ముకేశ్ అంబానీ 1980లో స్టాన్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి వచ్చింది తండ్రి స్థాపించిన సంస్థలోకి. పడిపోతే పట్టుకునే కుటుంబం వెనక ఉన్నవారు వేసిన అడుగులవి. మీ పిల్లలకు ఆ అండ మీరే, మీకు అండగా ఉన్నది ఆ ఇల్లొక్కటే.

ఇప్పుడు బ్యాంకు అప్పు లెక్క చూద్దాం. వడ్డీ 11 శాతం అనుకుందాం. మొదటి ఏడాది సగం, రెండో ఏడాది మిగతా సగం తీసుకుంటే, చదివే రెండేళ్ళకూ, వాయిదాలు మొదలయ్యేలోపు ఇచ్చే ఒక ఏడాది గడువుకూ కలిపి బారువడ్డీయే 9 లక్షల 60 వేలు దాటుతుంది. అసలుతో కలిపి బాకీ 44 లక్షల 60 వేల చిల్లర అవుతుంది, దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 61,000 కట్టాలి. ఇంటి ఖర్చు పోను మీకు మిగిలేది 35,000. అమ్మాయికి మంచి ఉద్యోగం వస్తే ఈ వాయిదా ఆమెకు భారం కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ రాకపోతే ఏమిటన్నది మీరు ఇవాళే ఆలోచించాలి. చదువు పూర్తయ్యాక అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే మొదటి ఏడాది అనుమతిలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఇక్కడ వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే, కోర్టు తీర్పు అవసరం లేకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టవచ్చు. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేది మీరే కనుక, అమ్మాయి కష్టంలో ఉన్నప్పుడు బ్యాంకు మీ గుమ్మం ముందుకే వస్తుంది.

బావమరిది గారి ఆలోచన గురించి ఎక్కువ రాయను. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 15 లక్షలకు నెల నెలా 30,000 వడ్డీయే కడుతూ ఉండాలి, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. కొత్తగా తెరిచిన ఏ స్పేర్ పార్టుల షాపు మొదటి నెల నుంచే అంత లాభం తెస్తుందో ఆయన్నే కాగితం మీద రాసి చూపించమనండి. ఇంటి దస్తావేజులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ చేతుల్లో పెట్టకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తర్వాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, షెడ్ల మీద రేకులు నిలవలేదు. అప్పుడు పని ఆగింది గాని అద్దె ఆగలేదు, పనివాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగవలసిన అవసరం ఆగలేదు. చేతిలో నగదు ఉన్నవారు షెడ్డు బాగుచేసుకుని పనిలో పడ్డారు. లేనివారు రోజువారీ వడ్డీకి తెచ్చుకున్నారు, ఆ అప్పును ఏళ్ళ తరబడి తీర్చినవారిని నేను చూశాను. వారిలో డిగ్రీలున్నవారూ ఉన్నారు, లేనివారూ ఉన్నారు.

అందుకే మీ అత్యవసర నిధిని ఇంటి ఖర్చు 40,000తో లెక్క కట్టకూడదు. షెడ్డు మూసి ఉన్నా ఆగని అద్దె, జీతాల 50,000 కూడా కలిపి నెలకు 90,000, ఆరు నెలలకు 5 లక్షల 40 వేలు కావాలి. డిపాజిట్టులోని 4 లక్షలు ఈ నిధికే చెందాలి, విమానం టికెట్టుకు కాదు. చీటీని తొందరపడి నష్టానికి పాడుకోకుండా చివరి దాకా ఆగి, వచ్చిన సొమ్ములో తక్కువ పడిన లక్షా 40 వేలను ఇందులో కలపండి.

ఈ చీటీ కోసం ఆగే ఎనిమిది నెలల్లో బీమా సంగతి చూసుకోవాలి. ఏడాదికి 9 లక్షలు తెచ్చే మనిషికి 4 లక్షల పాలసీ అంటే మీ తర్వాత కుటుంబానికి ఆరు నెలల ఆసరా కూడా కాదు. కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మీకేదైనా జరిగితేనే కుటుంబానికి సొమ్ము ఇచ్చే పాలసీ, తీసుకోండి. కంపెనీలు ఆదాయానికి రుజువు అడుగుతాయి కనుక ఐటీ రిటర్నులు వేయకుండా ఉంటే ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి. వేలు నలిగినా మీ ఆదాయం ఆగిపోతుంది కాబట్టి, అంగవైకల్యానికి కూడా పరిహారం ఇచ్చే ప్రమాద బీమా విడిగా ఉండాలి. కుటుంబమంతటికీ 10 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. అవసరం రాలేదు కాబట్టి తీసుకోలేదన్నారు. షుగరు ఉన్న మనిషికి అవసరం వచ్చాక తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ళ దాకా ఎదురుచూడవలసి రావచ్చు. ఆ గడువు ఈ నెలే మొదలవడం మేలు. వ్యక్తులు తీసుకునే జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. మీకు నెలకు మిగిలే 35,000లో ముందు కేటాయించవలసింది ఈ ప్రీమియాలకే.

అమ్మాయి చదువును ఆపమని నేను అనడం లేదు. గేట్ ప్రవేశ పరీక్ష రాసి ఇక్కడే ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 ఉపకార వేతనం వచ్చే అవకాశం ఉంది. ఎంపిక చేసిన దేశీయ విద్యాసంస్థల్లో సీటు వస్తే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టు, హామీ లేకుండానే రుణం దొరుకుతుంది. అమెరికాయే కావాలనుకుంటే రెండేళ్ళు ఉద్యోగం చేసి, సొంత పొదుపుతో అప్పును తగ్గించుకుని, ఇల్లు తాకట్టు లేకుండా ఎంత దొరికితే అంతలో సరిపోయే విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవాలి. అబ్బాయి ముందు ఒక ఏడాది ఎవరిదైనా స్పేర్ పార్టుల షాపులో పని చేయాలి. ఏ సరుకు కదులుతుందో, ఏది అల్మరాలో తుప్పుపడుతుందో తెలిశాక చిన్న వ్యాపారాలకు తాకట్టు అడగకుండా ఇచ్చే ముద్రా రుణంతో చిన్నగా మొదలుపెట్టవచ్చు.

ఈ వారం చేయవలసిన పని ఒకటే. ఆరోగ్య బీమా దరఖాస్తు తెప్పించి, మీ భార్య షుగరు ఎన్నేళ్ళుగా ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఏదీ దాచకుండా అందులో రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి, ఎందుకంటే క్లెయిము తిరస్కరించినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది అతను కాదు, మీరు.